నూకరాజు నడవ

రాయపూర్‌లో వేగన్ రిపేర్ షాపు వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ పిల్లలకి చిన్నప్పుడే ఒక విద్య పట్టుబడుతుంది. "మీ నాన్న ఏం చేస్తారు?" అని ఎవరైనా అడిగితే "రైల్వేలో" అని చెప్పి ఊరుకోవడం. పెద్ద ఆఫీసరూ రైల్వేలోనే, ఖలాసీ కూడా రైల్వేలోనే. అడిగినవాళ్ళు తమకి తోచింది అనుకుంటారు. మనం అబద్ధమాడినట్టూ కాదు, నిజం చెప్పినట్టూ కాదు. నేను కూడా ఆ కాలనీలో పెరిగినదాన్నే కాబట్టి ఈ విద్య లోతుపాతులు నాకు తెలుసు. కానీ మాలతికి వచ్చినంత బాగా ఇంకెవరికీ రాలేదు.

మాలతి నూకరాజు కూతురు. నూకరాజుది శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గర పల్లె. కుర్రతనంలో రాయపూర్ వచ్చి, గూడ్సు వేగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఖలాసీగా చేరి, క్రేన్ డ్రైవరుగా రిటైరయ్యాడు. వర్క్‌షాపుని మా కాలనీలో షాపు అనే అంటాం. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, కాలనీ గోడకి అవతలే చిన్న ఇల్లు కట్టుకున్నాడు. పొద్దున షాపు సైరను వినపడకపోతే ఆయనకి కాఫీ రుచించదని భార్య తాయారమ్మ ఆటపట్టిస్తుంది.

మాలతి చదువులో చురుకు. మా క్వార్టర్ల లైనులో ఆర్కిటెక్చరు చదివిన మొదటి ఆడపిల్ల. చదివిన ఐదేళ్ళలో ఒక్క స్నేహితురాల్ని కూడా ఇంటికి తీసుకురాలేదు. ఎవరైనా వస్తానంటే అమ్మకి బాగాలేదనేది. పాపం తాయారమ్మ ఆ ఐదేళ్ళూ తనకి తెలియకుండానే రకరకాల జబ్బులు పడింది. తర్వాత ఊళ్ళో పేరున్న ఆర్కిటెక్టు ఉమేష్ జీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. పెళ్ళయి, ఊళ్ళోనే మోవా పేటలో మా పక్క ఫ్లాటులోకే వచ్చింది. ఈ కథంతా ఆమె నాకు ఆ ఫ్లాటు బాల్కనీలో కూర్చుని చెప్పిందే. వింటున్నంతసేపూ నాకు కోపం వస్తూనే ఉంది. చెప్పేటప్పుడు కూడా వస్తుంది, ఏమీ అనుకోకండి.

2016లో ఊరి బయట ధర్సీవా వైపు, ఫ్యాక్టరీలు దాటాక, ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళు ఇంజనీరింగ్ విద్యార్థులకి కొత్త భవనం కట్టాలనుకున్నారు. క్లాసురూములూ, పరిశోధన ల్యాబులూ ఒకే కప్పు కింద ఉండాలి. మధ్యలో ఎక్కడో ఒక పెద్ద హాలు కావాలి. అందులో కాంక్రీటు దూలాల్ని, ఇనుప స్తంభాల్ని యంత్రాలతో వంచి, విరిచి, ఎంత బరువుకి విరుగుతాయో చూస్తారు. ఆ పని ఉమేష్ జీకి వచ్చింది. ఆయన దాన్ని మాలతి బల్ల మీద పెట్టి, "ఇది నువ్వు చెయ్యి" అన్నాడు. ఆఫీసులో చేరాక ఆమెకి మొత్తంగా అప్పగించిన మొదటి భవనం అది.

రెండు నెలలు గీసింది. గీసిన ప్రతిదీ ఆసుపత్రిలాగే వచ్చింది. మధ్యలో పొడుగాటి వరండా, అటూ ఇటూ గదులు, గదులకి తలుపులు, తలుపులకి తాళాలు. పెద్ద హాలుని ఎక్కడ పెట్టాలో తెలియక వెనక్కి తోసేసింది. ఉమేష్ జీ చూసి, "ఇందులో ఇంజనీరింగ్ ఎక్కడుంది? పేషెంట్లున్నారు" అన్నాడు. ఆయనకి నోటి దురుసు ఎక్కువే గాని, ఆ మాట మాత్రం తప్పు కాదు.

ఆ సాయంత్రం మాలతి పుట్టింటికి వెళ్ళింది. మర్నాడే విశ్వకర్మ పూజ. రిటైరైనవాళ్ళని కూడా ఆ రోజు షాపులోకి రానిస్తారు కాబట్టి నూకరాజు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుంటున్నాడు. ఆ పండగ అంటే మా కాలనీలో దసరా కంటే ఒక మెట్టు పైనే. ఏడాదంతా గేటు దాటనివ్వని షాపు ఆ ఒక్క రోజు భార్యాపిల్లలకి తెరుస్తారు. యంత్రాలు కడిగి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేస్తారు. పని ఆగిపోతుంది. ప్రతి ఇంట్లోని నాన్నా తన యంత్రం దగ్గరకి తన పిల్లల్ని తీసుకెళ్ళి, ఇదిగో నేను నిలబడేది ఇక్కడ అని చూపిస్తాడు. బూందీ పొట్లాలు ఇస్తారు. పిల్లలకి బూందీ గుర్తుంటుంది, నాన్నలకి చూపించడం గుర్తుంటుంది.

నూకరాజు యంత్రం నేల మీద లేదు. షాపు కప్పు కింద, ఈ గోడనుంచి ఆ గోడకి నడిచే క్రేను అది. దాని పట్టాల పక్కన మనిషి నడవడానికి సన్నటి ఇనుప దారి, ఒకవైపు కమ్మీ ఉండేవి. మాలతికి ఏడో ఎనిమిదో ఏళ్ళప్పుడు అలాంటి ఒక పూజ రోజున ఆయన కూతురి చెయ్యి పట్టుకుని ఆ మెట్లెక్కించాడు. పైనుంచి చూస్తే షాపు మొత్తం ఒక్కసారి కనిపించింది. చక్రాలు ఊడదీసిన వేగన్లు, ఆ చక్రాల్ని సానపట్టే యంత్రాలు, కొత్త రేకు అతికే చోటు, రంగు వేసే చోటు, చివర తలుపులోంచి బయటికి పోయే పట్టాలు. కింద ఉన్నవాళ్ళకి తమ పని ఒక్కటే కనిపిస్తుంది. పైనున్నవాడికి పాడైన వేగను లోపలికి రావడం నుంచి బాగై బయటికి పోవడం దాకా అన్నీ కనిపిస్తాయి. ఏడేళ్ళ పిల్లకి ఆ మాటలు రావు గాని, సంగతి మాత్రం అర్థమైంది.

అదంతా ఆ సాయంత్రం తండ్రి చొక్కా ఇస్త్రీ చూస్తుంటే గుర్తొచ్చింది. అక్కడే, తాయారమ్మ బియ్యం ఏరుతున్న చాప మీద, పాత క్యాలెండరు వెనక గీసింది. హాలుని వెనకనుంచి తీసుకొచ్చి భవనం మధ్యలో పెట్టింది. మూడంతస్తుల ఎత్తు, పైన క్రేను. దాని మూడు పక్కలా, ప్రతి అంతస్తులోనూ, కమ్మీ ఉన్న నడవ, మోతా దుమ్మూ రాకుండా నడవకి అద్దం. క్లాసురూములన్నీ నడవ వెనక. కింద హాలు చుట్టూ పరిశోధన ల్యాబులు, వాటికీ అద్దం గోడలే. ఏ కుర్రాడు ఏ క్లాసుకి పోవాలన్నా ఆ నడవలోంచే పోవాలి. పోతూపోతూ కింద విరుగుతున్న దూలాన్ని చూడక తప్పదు. పాఠం పైన, పని కింద, మధ్యలో గోడ లేదు.

నూకరాజు వచ్చి వంగి చూశాడు. ఆయనకి డ్రాయింగులు చదవడం రాదు. గీతలు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందల నానెక్కడున్నానమ్మా?" అని అడిగాడు.

ఆయన సరదాకే అన్నాడు. మాలతి మాత్రం పెన్సిలుతో మూడో అంతస్తు నడవ మీద చుక్క పెట్టి, "ఇక్కడ నాన్నా" అంది.

నూకరాజు ఆ చుక్కనే చూస్తూ నిలబడ్డాడు. "నిజిఁవే? అచ్చంగా ఇలగే కడతారేటి?"

"ఒప్పుకుంటే కడతారు."

"నా క్రేను కాడి దారి, యూనివర్సిటీల" అని, భార్యవైపు తిరిగి, "ఇన్నావేటే?" అన్నాడు. తాయారమ్మ వినలేదు, బియ్యంలో రాయి దొరికింది.

ఉమేష్ జీకి ఆ ప్లాను చూడగానే నచ్చింది. కుర్చీలోంచి లేచి మరీ చూశాడు. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాడు. "రిఫరెన్సు ఏది?"

ఆ ఆఫీసులో అదొక ఆచారం. రాయపూర్ క్లయింటుకి ప్లాను చూపించే ముందు, ఇలాంటిది ఫలానా దేశంలో ఉందని రెండు మూడు ఫోటోలు చూపించాలి. స్కూలుకి ఫిన్లాండు, మాలుకి దుబాయి, బంగళాకి ఇటలీ. ఏ దేశమూ లేకుండా వచ్చిన ఆలోచనని ఇక్కడివాళ్ళు డబ్బిచ్చి కొనరని ఉమేష్ జీ గట్టి నమ్మకం. ఆయన అనుభవం కూడా అదే చెప్పిందేమో, నాకు తెలియదు.

"ఇది నీకెక్కడినుంచి వచ్చింది?" అని అడిగాడాయన.

మాలతి నోట్లో జవాబు ఉంది. వేగన్ షాపునుంచి, మా నాన్న క్రేను నడిపేవారు, అని అనేస్తే అయిపోయేది. చుట్టూ ఆఫీసువాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆమె నీళ్ళు నమిలి, "ఎక్కడో చూశాను సార్" అంది.

"వెతుకు."

వెతికింది. జర్మనీలో ఏదో ఊళ్ళో, ఏదో యూనివర్సిటీలో, ఒక హాలు ఫోటో దొరికింది. అందులో ఒక క్రేనూ ఒక కమ్మీ ఉన్నాయి, అంతే. నడవా లేదు, క్లాసురూములూ లేవు. అయినా దాన్ని మొదటి పేజీలో పెట్టింది. వైస్ ఛాన్సలర్ ముందు ప్రెజెంటేషనులో జర్మనీ వాళ్ళు చదువునీ పనినీ ఎలా విడదీయరో చక్కటి ఇంగ్లీషులో పది నిమిషాలు చెప్పింది. ఆమె అంత బాగా మాట్లాడటం ఎప్పుడూ వినలేదని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. అబద్ధం అనేసరికి భాష అలా ఎందుకు సాఫీగా వచ్చిందో ఆమెకీ అర్థం కాలేదు.

ప్లాను ఖాయమైంది. ఆ సాయంత్రం ఆమె తండ్రికి ఫోనులో చెప్పింది, ఒప్పుకున్నారని. జర్మనీ సంగతి చెప్పలేదు. నూకరాజు అప్పటికప్పుడు స్టేషను రోడ్డు దాకా పోయి పావుకిలో జిలేబీ కొని, బస్సెక్కి మోవా వచ్చాడు. ఆమె చేతిలో పెట్టి, తిను తిను అని ఎదురుగా కూర్చున్నాడు. ఆ రోజే మొదటిసారి తన మీద తనకి అసహ్యం వేసిందని మాలతి నాతో చెప్పింది. అసహ్యం వేసిందట గాని, మర్నాడు ఆఫీసుకెళ్ళి ఫోటో మాత్రం తియ్యలేదు.

భవనం లేచింది, ఏళ్ళు పట్టింది. సైటు ముందు కట్టిన పెద్ద బోర్డు మీద జర్మన్ పద్ధతిలో నిర్మాణం అని హిందీలో రాశారు. తర్వాత యూనివర్సిటీ పరిచయ పుస్తకంలో వేశారు, పేపర్లో వేయించారు. ఒకసారి ఆడిన అబద్ధానికి ఇన్నిచోట్ల సంతకాలు పడతాయని ఆమె అనుకోలేదు. తండ్రి సైటు చూస్తానన్న ప్రతిసారీ ఏదో ఒక వంక చెప్పింది. దుమ్మంది, హెల్మెట్లు లేవంది, సెక్యూరిటీ పంపదంది. ఆయన నమ్మాడు. షాపులో పనిచేసినవాడికి రూల్సు అంటే గౌరవం.

నమ్మి ఊరుకోలేదు. కాలనీ గేటు దగ్గర టీకొట్టులో రిటైరైనవాళ్ళ గుంపు ఒకటి రోజూ చేరుతుంది. అందులో గురునాథం పెద్ద. చక్రాల సెక్షనులో పనిచేసిన మనిషి, ఉన్నదున్నట్టు మాట్లాడతాడు. సూరిబాబు ఆ గుంపులో వేళాకోళాలకి. ఆ ఏళ్ళన్నీ నూకరాజు వాళ్ళ దగ్గర ఒకటే పాట పాడాడు. మా అమ్మాయి యూనివర్సిటీలో నా క్రేను కట్టిస్తోంది, మన షాపు కట్టిస్తోంది అని.

2019లో భవనం తయారైంది. ఇంజనీరింగ్ కాలేజీ కాబట్టి విశ్వకర్మ పూజ రోజే ప్రారంభం పెట్టుకున్నారు. రెండు రోజుల ముందు తాయారమ్మ కూతురికి ఫోను చేసింది.

"మీ నాయిన ఊరంతా సెప్పీసినాడే. గురునాతం అన్నయ్య నమ్మట్లేదట. యూనివర్సిటీవోళ్ళకి మన షాపేటి, సూసి కట్టడమేటి, కోతలు కొయ్యకు బావా అన్నాడట. ఈయనకి పౌరుసం వొచ్చీసింది. నా కూతురు మైకుల సెప్తాది, నువ్వే వొచ్చి ఇను అన్నీసినాడు. ఇప్పుడు ఆళ్ళందరినీ తీస్కొస్తన్నాడు. నువ్వు సెప్తావు గదా?"

"మైకు నాకెందుకిస్తారమ్మా?"

"ఇస్తే?"

"ఇస్తే సెప్తానులే" అంది.

"సెప్పాల మరి. నలభై ఏళ్ళు ఆళ్ళతోటే బతికినాడు. ఆళ్ళ ముందర మొకం సెల్లాల."

ఆ రోజు హాలు మధ్యలోనే కుర్చీలు వేశారు. పరీక్ష యంత్రాలకి బంతిపూల దండలు, క్రేను కొక్కేనికి పెద్ద దండ. నడవల నిండా విద్యార్థులు కమ్మీ పట్టుకుని కిందకి చూస్తున్నారు. ఆఖరి వరుసలో నూకరాజు, గురునాథం, సూరిబాబు, ఇంకా ఇద్దరు ముగ్గురు, అందరూ తెల్లచొక్కాలతో, నుదుట షాపు పూజలో పెట్టుకొచ్చిన బొట్లతో కూర్చున్నారు. ఆడవాళ్ళెవరూ రాలేదు. నూకరాజు లోపలికి అడుగు పెట్టగానే తల పైకెత్తి చూశాడట. ఆయన మొహం చూసి మాలతికి ఒక్క క్షణం అన్నీ మరిచిపోయి సంతోషం వేసింది. ఆయన గురునాథం మోచెయ్యి పట్టుకుని మూడో అంతస్తు నడవ చూపించాడు.

వైస్ ఛాన్సలర్ హిందీలో మాట్లాడాడు. జర్మన్ పద్ధతి అన్నాడు, ప్రపంచ స్థాయి అన్నాడు. ఆఖరి వరుసలో తలలు ఒకదానివైపు ఒకటి తిరిగాయి. మా వాళ్ళ తెలుగులో సగం హిందీయే, ఇక హిందీ అర్థం కాకపోవడం ఎక్కడిది? నూకరాజు మాత్రం కదల్లేదు. పెద్దాయనకి తెలియదు, అమ్మాయి చెప్తుందిలే అన్నట్టు నిబ్బరంగా కూర్చున్నాడు.

తర్వాత మాలతిని స్టేజి మీదకి పిలిచి, మైకు చేతికిచ్చి, "మా పిల్లలకి చెప్పండి, ఈ ఆలోచన మీకెలా వచ్చింది?" అన్నాడు వైస్ ఛాన్సలర్.

అడగాల్సిన ప్రశ్న అదే. అంతకంటే సూటిగా దేవుడైనా అడగడు. మాలతి మైకు పట్టుకుని ఆఖరి వరుసకేసి చూసింది. నూకరాజు కుర్చీ అంచుకి జరిగి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పరీక్షలో పాసైన కుర్రాడిలా కూర్చుని ఉన్నాడు.

"చిన్నప్పుడు" అని మొదలుపెట్టింది.

ముందు వరుసలో ఉమేష్ జీ కాలు మీద కాలు వేసుకుని చూస్తున్నాడు. ఆయన పక్కన పేపరువాళ్ళు. ఇప్పుడు నిజం చెప్తే ఉమేష్ జీ పరువు పోతుందని, ఇందాక మాట్లాడిన వైస్ ఛాన్సలర్ నవ్వులపాలవుతాడని, అచ్చేసిన పుస్తకాలన్నీ అబద్ధమవుతాయని అనుకున్నానని మాలతి నాతో అంది. నేను ఊరుకోలేదు, అవన్నీ సాకులు అన్నాను. ఆమె కాసేపటికి ఒప్పుకుంది. "మా నాన్న క్రేన్ డ్రైవరు" అనే మాట, అంతమంది ముందు, హిందీలో, తన నోటినుంచి రావడం ఆమెకి ఇష్టం లేదు. అసలు కారణం అదొక్కటే. ముప్పైమూడేళ్ళ మనిషి, ఇంత భవనం కట్టిన మనిషి.

"చిన్నప్పటినుంచీ నాకు విదేశాల్లోని భవనాలంటే ఇష్టం" అంది మాలతి. "జర్మనీ యూనివర్సిటీల ఫోటోలు చూసినప్పుడు, మన పిల్లలకి కూడా ఇలాంటిది ఉండాలనిపించింది."

మొదటి చప్పట్లు ఆఖరి వరుసనుంచి వచ్చాయి. కొట్టింది నూకరాజు. తర్వాత అందరూ అందుకున్నారు. మాలతి స్టేజి దిగేటప్పుడు మెట్టు కనపడక ఉమేష్ జీ చెయ్యి పట్టుకుంది. సిగ్గుతో చచ్చిపోవడం అని మాట వరసకి అంటాం గాని, ఆ రోజు ఆ హాల్లో నిజంగా ప్రాణం పోతే బాగుండుననిపించిందట.

టీలప్పుడు కుర్చీల దగ్గర తండ్రి కనిపించలేదు. వెళ్ళిపోయాడేమో అనుకుంది, వెళ్ళిపోతే బాగుండునని కూడా అనుకుంది. తల ఎత్తితే, మూడో అంతస్తు నడవలో తెల్లచొక్కాలు కనిపించాయి. మెట్లెక్కి వెళ్ళింది. మలుపు దగ్గరికి రాగానే సూరిబాబు గొంతు వినపడింది.

"అయితే ఏటి బావా, మన వేగన్ షాపు జర్మనీల ఉందన్నమాట. ఇన్నాళ్ళూ మనం జర్మనీల డూటీ సేసినాం, ఎవుడూ సెప్పలేదు."

ఒకరిద్దరు నవ్వారు. గురునాథం నవ్వలేదు. ఆయన నవ్వకపోవడమే నూకరాజుకి ఎక్కువ కష్టంగా ఉండి ఉంటుంది.

"నానే తప్పుగా ఇన్నాను" అన్నాడు నూకరాజు. "అమ్మాయి మొదట్నించీ జర్మనీ అనే సెప్పింది. పెద్ద సదువుల మాట, నాకు బుర్రకెక్కలేదు. క్రేను బొమ్మ సూసి మన షాపనీసుకున్నాను. నాదే బుద్ది తక్కువ. దానికేటి తెలుసు, నాను ఊరంతా తిరిగి కోతలు కోస్తన్నానని."

మాలతి మలుపు దగ్గరే ఆగిపోయింది. మూడేళ్ళు టీకొట్టులో చెప్పిన మాట అది. ఆయన దాన్ని ఒక్క నిమిషంలో తన తప్పుగా మార్చేసుకున్నాడు. కూతురు అబద్ధమాడిందని వాళ్ళకి తెలియడం కంటే తను కోతలరాయుడు అనిపించుకోవడమే ఆయనకి నయమనిపించింది.

అంతలో అవతలి మెట్లనుంచి వైస్ ఛాన్సలర్ అతిథుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మాలతిని చూసి ఆగి, ఈ పెద్దలెవరని అడిగాడు. "మా నాన్నగారు" అంది మాలతి. అంతవరకే అంది. ఆయన నూకరాజుతో చెయ్యి కలిపి, మీ అమ్మాయి మా యూనివర్సిటీకి గొప్ప మేలు చేసిందని మెచ్చుకుని, "ఇలాంటి హాలు ఇంతకుముందు ఎక్కడైనా చూశారా?" అని మర్యాదకి అడిగాడు.

నూకరాజు హిందీలో, చాలా వినయంగా, "లేదు సాబ్" అన్నాడు. "నా జన్మలో ఇలాంటిది చూడలేదు."

అంతమాట తండ్రి నోట వినలేకపోయింది మాలతి. ఎక్కడ తొక్కిపెట్టిందో ఆ మాటలన్నీ అప్పుడు పైకొచ్చాయి. అతిథులు మలుపు తిరిగేదాకా కూడా ఆగలేదు, కానీ తెలుగులో అంది కాబట్టి వాళ్ళకి అర్థం కాలేదు.

"మావయ్యా, నాన్న సెప్పిందే నిజిం" అంది గురునాథంతో. "ఇది మన షాపే. నా సిన్నప్పుడు పూజకి నాన్న నన్ను క్రేను కాడికి ఎక్కించి సూపించినాడు. అది సూసే ఇది గీసినాను. జర్మనీ గిర్మనీ ఏటీ లేదు. కింద మైకుల నాను అబద్దం సెప్పినాను."

చెప్పేసి ఊపిరి పీల్చుకుంది. ఇప్పుడు వాళ్ళు తిడతారనుకుంది. ఛీ అంటారనుకుంది. అది పడటానికి సిద్ధంగానే నిలబడింది.

వాళ్ళెవరూ తిట్టలేదు. సూరిబాబు మొహం చిన్నబుచ్చుకుని ముందుకొచ్చాడు. "తమాసాకన్నాను తల్లీ. నువ్వు ఇంటన్నావని తెల్దు. మనసుల ఎట్టుకోకు."

"కాదు సూరిబాబు మావయ్యా, నిజింగానే సెప్తన్నాను."

"ఊరుకో తల్లీ" అన్నాడు గురునాథం మెల్లగా. "నాయిన మాట పోకూడదని అంటన్నావు. మాకు తెల్దేటి? అంతమంది పెద్దోళ్ళ ముందర నువ్వు సెప్పింది మేం ఇన్నాం గదా. ఇంత సదువుకున్నదానివి, మీ నాయిన కోసం నిన్ను నువ్వే అబద్దాలకోరునంటన్నావు. ఎవులు సేస్తారు ఈ రోజుల్ల?"

"ఒట్టు మావయ్యా. నాన్నని అడుగు."

అందరూ నూకరాజుకేసి చూశారు. ఒక్క అవును అంటే చాలు. మూడేళ్ళుగా ఆయన ఆ ఒక్కమాట కోసమే కాచుకుని ఉన్నాడు. నూకరాజు కూతురిని చూశాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి. కింద హాల్లో ఆమె యజమాని, ఆమె ఉద్యోగం, ఆమె పేరు ఉన్నాయి. ఆయన చిన్నగా నవ్వాడు.

"మా గుంట సిన్నప్పట్నుంచీ అంతే. నాకు మాట రానివ్వదు."

ఆ మాటతో వాళ్ళకి ఇక ఏ అనుమానమూ లేకపోయింది. సూరిబాబు పక్కకి తిరిగి కళ్ళు ఒత్తుకున్నాడు. గురునాథం నూకరాజు భుజం తట్టి, "బిల్డింగు మాట వొదిలీ బావా, కూతురంటే ఇలగుండాల" అన్నాడు. తర్వాత మాలతి తల మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉండు తల్లీ అని దీవించాడు.

ఆయన చెయ్యి తీశాక కూడా మాలతి తల ఎత్తలేదు.